పై 1 శాతం మందే 40 శాతం పన్ను కడుతుంటే అమెరికాలో అన్యాయం ఎక్కడుంది? జాతికీ దానికీ సంబంధమేంటి?

ప్రశ్న: పెన్నేటిగట్టు

అమెరికాలో అసమానత గురించి ఎక్కడ చర్చ మొదలైనా రెండు లెక్కలు ఎదురెదురుగా వచ్చి నిలబడుతున్నాయి. ఒకరేమో "2022లో పై 1 శాతం మంది ఫెడరల్ ఆదాయ పన్నులో 40 శాతం కట్టారు, ఇంకా ఎంత కట్టమంటారు?" అంటారు. ఇంకొకరు "కుబేరుల మీద పడే రేటు జీతగాడి మీద పడే రేటు కంటే తక్కువ" అంటారు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి?

ఇంకో సందేహం కూడా ఉంది. పన్ను రిటర్నులో జాతి అడిగే గడే లేదు. చట్టంలో నలుపు, తెలుపు అన్న మాట లేదు. మరి పన్ను విధానం వల్ల నల్లజాతి కుటుంబాలు నష్టపోతున్నాయని ఎలా అంటున్నారు? అది జాతి సమస్యా, పేదరికం సమస్యా? "మనవాళ్లు వెళ్లి పైకి రాలేదా" అన్న మాట కూడా ప్రతిసారీ వస్తోంది. నినాదాలు కాకుండా లెక్క వేసి చూపించగలిగినవాళ్లు చెప్పండి.

జవాబు 1: జమాఖర్చు

ఆ 40 శాతం లెక్క నిజమే, కాదనాల్సిన పనిలేదు. ఆ ఏడాది రిటర్నుల్లో చూపిన ఆదాయంలో పై 1 శాతం వాటా సుమారు 22 శాతం, కట్టిన పన్నులో వాటా 40. కాబట్టి ఫెడరల్ ఆదాయ పన్ను పైకి పోయేకొద్దీ బరువెక్కే పన్నే. అయితే ఆ వాక్యంలో రెండు మాటలు పట్టి చూడాలి: "ఆదాయ పన్ను", "రిటర్నుల్లో చూపిన".

మొదటిది చూద్దాం. జీతం మీద ఆదాయ పన్ను ఒక్కటే పడదు, పేరోల్ పన్ను కూడా కోస్తారు. సోషల్ సెక్యూరిటీకి (వృద్ధాప్య పెన్షన్) 6.2 శాతం, మెడికేర్‌కు (వృద్ధుల వైద్యం) 1.45 శాతం. యజమాని మళ్లీ అంతే కడతాడు. 2024 రేట్లతో ఇద్దరు ఒంటరి వ్యక్తుల్ని పక్కపక్కన పెట్టండి. ఇద్దరికీ 1,00,000 డాలర్లు వచ్చాయి. ఒకరికి జీతంగా, ఇంకొకరికి ఏడాది దాటి అట్టిపెట్టిన షేర్లు అమ్మగా వచ్చిన లాభంగా.

ఇద్దరికీ స్టాండర్డ్ డిడక్షన్ 14,600 పోగా పన్ను పడే మొత్తం 85,400. జీతగాడికి 10, 12, 22 శాతం స్లాబుల్లో లెక్కేస్తే ఆదాయ పన్ను 13,841. పేరోల్ కోత 7,650. మొత్తం 21,491. షేర్లు అమ్మినవాడికి 47,025 వరకు సున్నా శాతం, మిగిలిన 38,375 మీద 15 శాతం. అంటే 5,756. పేరోల్ పన్ను లేదు. ఒకే రాబడి మీద దాదాపు నాలుగో వంతు పన్నుతో బయటపడ్డాడు. మీరడిగిన "జీతగాడి కంటే తక్కువ రేటు" ఎలా వస్తుందో ఈ లెక్కలోనే ఉంది.

సోషల్ సెక్యూరిటీ పన్నుకు పైన మూత కూడా ఉంది. 2024లో 1,68,600 డాలర్ల జీతం దాటాక ఆ 6.2 శాతం ఆగిపోతుంది. 1,68,600 సంపాదించినవాడు 10,453 కడతాడు. దానికి పదింతలు సంపాదించినవాడూ 10,453 డాలర్లే కడతాడు, అంటే అతని జీతంలో 0.62 శాతం.

రెండో మాట ఇంకా పెద్దది. అమెరికాలో అమ్మితేనే ఆదాయం. అమ్మకపోతే షేరు విలువ ఎన్ని రెట్లయినా రిటర్నులో కనపడదు. 1 మిలియన్‌కు కొన్న షేర్లు 11 మిలియన్లయ్యాయనుకోండి. అవసరానికి అమ్మకుండా వాటిని తాకట్టు పెట్టి అప్పు తెచ్చుకుంటారు, అప్పు ఆదాయం కాదు. మనిషి పోయాక వారసుల చేతికి ఆ షేర్లు "కొన్న ధర 11 మిలియన్లు" అన్న లెక్కతో వెళ్తాయి. మర్నాడే అమ్మినా లాభం సున్నా. బతికుండగా అమ్మి ఉంటే ఆ 10 మిలియన్ల లాభం మీద 20 శాతం, పెట్టుబడి ఆదాయం మీద అదనంగా పడే 3.8 శాతం కలిపి సుమారు 2.38 మిలియన్ డాలర్ల పన్ను పడేది. అది వాయిదా పడటం కాదు, శాశ్వతంగా చెరిగిపోయింది. పోయినవాళ్ల ఆస్తి మీద వేసే ఎస్టేట్ పన్ను ఉంది కదా అంటారు. 2024లో అది మొదలయ్యేదే మనిషికి 13.61 మిలియన్లు దాటాక. 11 మిలియన్ల ఆస్తికి అది అంటదు.

అందుకే పై స్లాబు రేటును 37 శాతం నుంచి 39.6 చేయాలా వద్దా అనే వాదన నాకు పక్కదారిలా అనిపిస్తుంది. దేన్ని ఆదాయం అంటున్నాం అన్న దగ్గరే అన్యాయం ఉంది.

జవాబు 2: నడిమిమాట

జమాఖర్చు గారి లెక్కలు సరిగ్గానే ఉన్నాయి, కానీ మూడు విషయాలు చేర్చకపోతే బొమ్మ వంకరగా వస్తుంది.

సోషల్ సెక్యూరిటీలో పన్నుకు మూత ఉన్నట్టే పెన్షన్‌కూ ఉంది. పెన్షన్ లెక్క కింది వాళ్లవైపే మొగ్గుతుంది. 2024 సూత్రం ప్రకారం సగటు నెల జీతంలో మొదటి 1,174 డాలర్లకు 90 శాతం, అక్కడి నుంచి 7,078 వరకు 32 శాతం, ఆపైన 15 శాతమే వెనక్కి వస్తుంది. పన్ను సగం మాత్రమే చూసి ఇది పేదల్ని దోచే పథకం అనలేం.

ఫెడరల్ పన్నులన్నీ, పేరోల్ సహా, కలిపి కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం వేసిన లెక్కలో 2019లో పై 1 శాతం మీద సగటున సుమారు 30 శాతం, మధ్య ఐదో వంతు మీద సుమారు 13 శాతం, అట్టడుగు ఐదో వంతు మీద ఒక శాతం లోపే పడింది. కాబట్టి తక్కువ రేటు కడుతున్నది "పై 1 శాతం" మొత్తం కాదు. అందులో జీతం మీద బతికే సర్జన్లు, లాయర్లు బాగానే కడతారు. తప్పించుకునేది ఆ పై కొసన, షేర్లే ఆస్తిగా ఉన్న కొద్దిమంది. 2021లో ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ బయటపెట్టిన 3.4 శాతం అంకె (25 మంది అతి సంపన్నులది, 2014–18) కూడా జాగ్రత్తగా వాడాలి. అది కట్టిన పన్నును పెరిగిన ఆస్తితో భాగిస్తే వచ్చింది, ఆదాయంతో కాదు. దాన్ని జీతగాడి 22 శాతం స్లాబు పక్కన పెడితే ఎదుటివాడు సులువుగా పడగొడతాడు.

మూడోది, అసమానత ఎంత పెరిగిందన్న దాని మీద ఆర్థికవేత్తల్లోనే పోరు నడుస్తోంది. 2019కి పన్నులకు ముందు పై 1 శాతం వాటా సుమారు 19 శాతమని పికెటీ, సాయెజ్, జుక్మన్ లెక్క. సుమారు 14 అని ఆటెన్, స్ప్లింటర్ లెక్క. పన్నులూ సర్కారు సాయమూ కలిపాక 1960ల నుంచి పెద్దగా మారలేదని వీళ్లంటారు. తేడా ఎక్కడంటే, రిటర్నుల్లో చూపకుండా దాచిన ఆదాయాన్ని ఎవరి ఖాతాలో వేయాలన్న దగ్గర. పైవాళ్లు ఎక్కువ దాచారనుకుంటే వాటా పెరుగుతుంది, అన్ని వర్గాల్లోనూ పంచితే తగ్గుతుంది. 1986 సంస్కరణ ఇంకో చిక్కు తెచ్చింది. పై స్లాబు 50 నుంచి 28కి దిగడంతో అప్పటిదాకా కంపెనీ రిటర్నుల్లో ఉన్న లాభాలు మనుషుల రిటర్నుల్లోకి వచ్చిపడ్డాయి. ఆ ఏళ్ల గ్రాఫులో కనిపించే పెరుగుదల అంతా కొత్త సంపద కాదు.

ఇక్కడ అందరూ మరిచేది రాష్ట్రాల పన్నులు. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయ పన్ను లేదని సంతోషపడతాం. అమ్మకం పన్ను, ఆస్తి పన్నుతో రాష్ట్రం నడుస్తుంది కాబట్టి అట్టడుగు 20 శాతం కుటుంబాలు రాబడిలో సుమారు 13 శాతం రాష్ట్ర, స్థానిక పన్నులకే ఇస్తుంటే పై 1 శాతం ఇచ్చేది 5 శాతం లోపు. ఫ్లోరిడా ఇంకా ఘోరం.

పెన్నేటిగట్టు

ఇద్దరికీ ధన్యవాదాలు. 40 శాతం సంగతి తేలింది. జాతి సంగతి ఎవరైనా ఇంతే వివరంగా చెప్పగలరా? గడే లేనప్పుడు అంకెలెలా వచ్చాయి?

జవాబు 3: ఎర్రగీత

అంకెలు ఎలా వచ్చాయో ముందు చెప్తాను. ఇంటిపేరు, పేరు, ఉండే బ్లాకులో సెన్సస్ లెక్కలు కలిపి ఒక మనిషి ఫలానా జాతికి చెందే సంభావ్యత కడతారు. ఒక్క మనిషి విషయంలో అది తప్పొచ్చు, లక్షల రిటర్నుల మీద సగటు తీస్తే నిలబడుతుంది. 2023 జనవరిలో అమెరికా ఆర్థిక శాఖ (ట్రెజరీ) ఈ పద్ధతితోనే లెక్క తీసింది. కుటుంబాల్లో తెల్లజాతివి 67 శాతం. కానీ క్యాపిటల్ గెయిన్స్ (షేర్లు, ఆస్తులు అమ్మిన లాభం), డివిడెండ్ల మీద ఉన్న తక్కువ రేటు వల్ల కలిగే లాభంలో 92 శాతం వాళ్లకే చేరుతోంది. జమాఖర్చు గారు చూపిన 21,491, 5,756 మధ్య తేడా ఎవరి ఇంట్లో మిగులుతోందో ఈ అంకె చెబుతోంది. జాతి పేరు చట్టంలో రాయనక్కర్లేదు. ఆస్తి ఎవరి దగ్గరుందో ఆ ఆస్తికి రాయితీ ఇస్తే చాలు.

ఆస్తి ఎవరి దగ్గరుంది? 2023లో సరిగ్గా మధ్యలో నిలిచే నల్లజాతి కుటుంబం ఆదాయం 56,490 డాలర్లు, తెల్లజాతి కుటుంబానిది 89,050. రూపాయికి 63 పైసలన్నమాట. ఆస్తి చూడండి. 2022 ఫెడరల్ రిజర్వు సర్వేలో 44,900కి 2,85,000. రూపాయికి 16 పైసలు. ఆదాయంలో లేనంత అగాధం ఆస్తిలో ఎందుకుందంటే ఆస్తి తరాల మీద పేరుకునేది. పేరుకోవాల్సిన ఏళ్లలో తలుపు మూసేశారు. 1934లో వచ్చిన ఎఫ్‌హెచ్‌ఏ అనే సర్కారు సంస్థ ఇంటి అప్పులకు ప్రభుత్వ హామీ ఇచ్చింది, నల్లవాళ్లున్న వీధులకు ఇవ్వలేదు. 1935 సోషల్ సెక్యూరిటీ చట్టం పొలం పనివాళ్లను, ఇళ్లలో పనిచేసేవాళ్లను వదిలేసింది. దక్షిణాదిలో ఆ పనుల్లో ఉన్నదెవరో అందరికీ తెలుసు. రెండో ప్రపంచ యుద్ధం నుంచి వచ్చిన సైనికుల అప్పులకు ప్రభుత్వ హామీ ఇస్తూ 1944లో చట్టం చేశారు. 1947లో మిసిసిపీ పట్టణాల్లో ఆ హామీతో ఇచ్చిన 3,229 అప్పుల్లో నల్లజాతి సైనికులకు దక్కినవి 2. రెండే రెండు. ఇంటి అమ్మకాల్లో వివక్ష చట్టవిరుద్ధమైంది 1968లో. ఆ ఏడాది పుట్టినవాళ్లు ఇంకా ఉద్యోగాల్లోనే ఉన్నారు.

ఇక పన్ను చట్టం ఈ తేడాను ఎలా పెంచుతుందో ఒక లెక్క చూపిస్తాను. పెళ్లైనవాళ్లు కలిపి రిటర్ను వేసే పద్ధతి 1948లో వచ్చింది. 2024 రేట్లతో రెండు ఇళ్లు తీసుకోండి, రెండిటికీ ఏడాదికి 1,20,000. మొదటి ఇంట్లో ఒక్కరే సంపాదిస్తారు. పెళ్లికి ముందు ఆ ఒక్కరి ఆదాయ పన్ను 18,338. పెళ్లయ్యాక కలిపి వేస్తే 10,432. ఏడాదికి 7,906 డాలర్లు మిగిలాయి. రెండో ఇంట్లో ఇద్దరూ చెరి 60,000 సంపాదిస్తారు. పెళ్లికి ముందు చెరి 5,216, మొత్తం 10,432. పెళ్లయ్యాకా 10,432. మిగిలింది సున్నా. పైగా ఇద్దరూ పనికి పోతారు కాబట్టి పిల్లల్ని చూసే ఖర్చు వీళ్లకే. నల్లజాతి జంటల్లో భార్యాభర్తలు దగ్గరదగ్గరగా సంపాదించే ఇళ్లు ఎక్కువ, ఒక్క జీతం మీద నడిచేవి తక్కువ. మన హెచ్-1బి కుటుంబాల్లో భార్యకో భర్తకో డిపెండెంట్ వీసా వల్ల పనిచేసే వీల్లేని ఏళ్లలో ఆ 7,906 లాంటి మిగులు మనకే వచ్చింది. ఎవరూ కావాలని మనకిచ్చిందీ కాదు, వాళ్లకు కావాలని ఆపిందీ కాదు. చట్టం అలా రాసి ఉంది, అంతే. కానీ నష్టం నిజమైన డాలర్లలోనే పడుతోంది.

ఇల్లు కూడా అంతే. సొంతంగా ఉంటున్న ఇల్లు అమ్మితే లాభంలో ఒంటరికి 2,50,000, జంటకు 5,00,000 దాకా పన్ను లేదు. నష్టానికి అమ్మితే ఒక్క డాలరు కూడా తీసివేయనివ్వరు. ధరలు పెరిగే వీధిలో ఇల్లున్నవాడికి పూర్తి మినహాయింపు, పెరగని వీధిలో ఉన్నవాడికి ఏమీ లేదు.

జాతా, పేదరికమా అన్నదానికి ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2018లో చేసిన పని చూడాలి. 2 కోట్ల మంది పిల్లల రికార్డులు కలిపి చూశారు. ఒకే ఆదాయం ఉన్న ఇళ్లలో, ఒకే పేటలో పెరిగినా, పెద్దయ్యాక నల్లజాతి మగపిల్లల సంపాదన తెల్లజాతి మగపిల్లల కంటే తక్కువగానే ఉంది. 99 శాతం పేటల్లో ఇదే కథ. అయితే ఆడపిల్లల్లో ఆ తేడా దాదాపు లేదు. అంటే పేదరికంతోనే అంతా వివరించలేం, తెలివితేటల మాట అసలు నిలబడదు. అదే బృందం 2024లో ఇంకో మార్పు చూపింది. 1978లో పుట్టినవాళ్లతో పోలిస్తే 1992లో పుట్టిన పేదింటి పిల్లల్లో నలుపు తెలుపు తేడా సుమారు 30 శాతం తగ్గింది, తెల్లవాళ్లలో పేద ధనిక తేడా పెరిగింది. కాబట్టి రెండూ ఉన్నాయి, రెండూ కదులుతున్నాయి. ఒకటి ఎంచుకోమనడమే తప్పు ప్రశ్న.

"మనవాళ్లు పైకి రాలేదా" అన్నదానికి: 1923లో సుప్రీంకోర్టు భగత్ సింగ్ థిండ్ కేసులో భారతీయులు తెల్లవాళ్లు కాదు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారంది. 1946లో చట్టం మారి ఏడాదికి 100 మందికి కోటా ఇచ్చింది. తలుపు నిజంగా తెరిచింది 1965 చట్టం, అదీ పౌరహక్కుల ఉద్యమం ఊపు మీద. ఆ తర్వాత వచ్చినవాళ్లు డిగ్రీ చేతిలో పెట్టుకుని, జల్లెడ పట్టి ఎంచిన మనుషులు. గుంటూరు జిల్లాలో పుట్టినవాళ్లందరి సగటు కాదు అక్కడ కనపడేది. ఎంచినవాళ్ల సగటును తీసుకెళ్లి, ఎంపిక లేకుండా అక్కడే పుట్టిన కుటుంబాల సగటుతో పోల్చడం లెక్కల్లో తప్పు, మనుషుల విషయంలో ఇంకా పెద్ద తప్పు.

జవాబు 4: కొత్తవీసా

చిన్న చేర్పు. పేరోల్ పన్ను గురించి మాట్లాడుతున్నాం కాబట్టి: హెచ్-1బి మీద ఉన్నవాళ్లు ఆ 6.2 శాతం మొదటి జీతం నుంచే కడతారు. పెన్షన్ రావాలంటే 40 క్రెడిట్లు, ఏడాదికి 4 చొప్పున పదేళ్లు. భారత్‌కూ అమెరికాకూ మధ్య సర్వీసు కలిపే ఒప్పందం లేదు. ఏడెనిమిదేళ్లకు తిరిగొచ్చేస్తే వృద్ధాప్య పెన్షన్ రాదు, కట్టింది వాపసూ రాదు.

జవాబు 5: రిటర్నుసాయం

ఆడిట్ల (పన్ను రిటర్నుల తనిఖీ) సంగతి ఎవరూ ఎత్తలేదు. 2023 జనవరిలో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు, ట్రెజరీ వాళ్లు కలిసి చేసిన అధ్యయనంలో నల్లజాతివాళ్లను ఇతరుల కంటే 2.9 నుంచి 4.7 రెట్లు ఎక్కువగా ఆడిట్ చేస్తున్నారని తేలింది. మే నెలలో ఫెడరల్ పన్నులు వసూలు చేసే ఐఆర్‌ఎస్ కమిషనరే ఒప్పుకున్నారు. ఏ అధికారీ జాతి చూసి ఎంచలేదు. చిన్న జీతాలవాళ్లకిచ్చే ఈఐటీసీ రాయితీలో తప్పు ఉండే అవకాశం ఎంత అని కంప్యూటర్ చూసేది, తప్పు వల్ల పోయే సొమ్ము ఎంత అని చూసేది కాదు. సొమ్మును బట్టి ఎంచితే వ్యాపార ఆదాయం దాచినవాళ్లు ముందుకొస్తారు. అయితే వాళ్లను ఆడిట్ చేయాలంటే అనుభవమున్న ఆఫీసరు గంటలకొద్దీ కూర్చోవాలి. ఈఐటీసీ ఆడిట్‌కు ఒక ఉత్తరం చాలు.

ఆ ఉత్తరంతో ఏం జరుగుతుందో చూడండి. ముగ్గురు పిల్లలతో 22,000 సంపాదించే ఒంటరి తల్లికి 2024లో ఈఐటీసీ 7,830. ఏడాది జీతంలో మూడో వంతు పైన. సీపీ75 అనే ఆడిట్ నోటీసు రాగానే ఆ సొమ్ము ఆగిపోతుంది, 30 రోజుల్లో జవాబివ్వాలి. చాలా కేసులు తప్పు రుజువై ఓడిపోవు. ఇల్లు మారడం వల్ల ఉత్తరం అందక, జవాబు రాలేదని కొట్టేస్తారు. జవాబిచ్చినా రెండు చోట్ల దెబ్బతింటారు. బిడ్డ మీ బిడ్డే అని చూపితే సరిపోదు, ఏడాదిలో సగానికి పైగా మీ ఇంట్లోనే ఉందని చూపాలి. స్కూలు లేదా డాక్టరు లెటర్‌హెడ్ మీద బిడ్డ పేరు, మీ చిరునామా, తేదీలు మూడూ ఉండాలి. ఒక్క విద్యా సంవత్సరం లెటరు సరిపోదు. పన్ను ఏడాది జనవరి నుంచి డిసెంబరు, స్కూలు ఏడాది ఆగస్టు నుంచి మే. కాబట్టి రెండు విద్యా సంవత్సరాలవీ తీసుకోవాలి. రెండోది, బిడ్డను చూసుకునేది బంధువే అయితే ఆ ఒక్క లెటరు చెల్లదు, తోడుగా బయటివాళ్లది ఇంకొకటి కావాలి. మనవడినో మేనకోడలినో పెంచుతుంటే బంధుత్వం మొత్తం గొలుసుకట్టుగా జనన పత్రాలు పెట్టాలి.

గడువు దాటినా పని అయిపోలేదు. తర్వాత వచ్చే నోటీసు మీద 90 రోజుల్లో ట్యాక్స్ కోర్టుకు వెళ్లొచ్చు. తక్కువ ఆదాయం వాళ్లకు సాయం చేసే ట్యాక్స్‌పేయర్ క్లినిక్‌లు ఉచితంగానో నామమాత్రపు ఫీజుకో వాదిస్తాయి. ఒకసారి రాయితీ కొట్టేశాక మళ్లీ అడిగేటప్పుడు ఫారం 8862 జత చేయకపోతే అదీ ఆగుతుంది.

జవాబు 6: జమాఖర్చు

రిటర్నుసాయం గారు చెప్పిందే ఆస్తి పన్నులోనూ ఉంది. ఒకే ఊళ్లో, ఒకే సేవలకు నల్లజాతి, హిస్పానిక్ ఇళ్ల మీద పన్ను భారం 10 నుంచి 13 శాతం ఎక్కువ పడుతోందని అవెనాన్సియో లియోన్, హవర్డ్ అనే పరిశోధకులు చూపించారు. ఒక కారణం విలువ కట్టే పద్ధతి. ఇంటి చదరపు అడుగులు, గదులు చూస్తారు కానీ ఆ వీధిలో ఇళ్లు ఎంతకు పోతున్నాయో సరిగ్గా పట్టించుకోరు. రెండో కారణం అప్పీలు. అప్పీలుకు వెళ్లేవాళ్లకు తగ్గుతుంది, వెళ్లేది ఎక్కువగా ఉన్నవాళ్లే. షికాగో ఉన్న కుక్ కౌంటీలో ఇది 2017లో బయటపడి, మరుసటి ఏడాది ఎన్నికల్లో విలువ కట్టే అధికారి (అసెసర్) ఓడి పదవి పోగొట్టుకున్నాడు.

టెక్సాస్‌లో ఉన్నవాళ్లు ఈ అప్పీలు (ప్రొటెస్ట్) వాడుకోండి, పక్కవాళ్లకూ చెప్పండి. ఇంటి విలువ ఎంత కట్టారో చెప్పే నోటీసు సాధారణంగా ఏప్రిల్‌లో వస్తుంది. మే 15, లేదా నోటీసు పంపిన 30 రోజులు, ఏది తర్వాతైతే అదే గడువు. ప్రొటెస్ట్ ఫారంలో "మార్కెట్ విలువ ఎక్కువ", "ఇతర ఇళ్లతో అసమానం" రెండు గడులూ టిక్ చేయండి. అమ్మిన ధర బయటపెట్టాలన్న నియమం టెక్సాస్‌లో లేదు కాబట్టి మార్కెట్ ధర రుజువు చేయడం కష్టం. మీ ఇంటిలాంటి ఇళ్లకు చదరపు అడుగుకు ఎంత విలువ కట్టారో అప్రైజల్ డిస్ట్రిక్ట్ (విలువ కట్టే స్థానిక కార్యాలయం) సైట్‌లోనే దొరుకుతుంది, రెండో గడితోనే ఎక్కువ పని జరుగుతుంది. అడిగితే డిస్ట్రిక్ట్ తన ఆధారాలు విచారణకు కనీసం 14 రోజుల ముందే ఇవ్వాలి, తప్పక అడగండి. పునాది పగుళ్లు, కారే పైకప్పు ఉంటే ఫోటోలు, మరమ్మతు అంచనా పత్రం పట్టుకెళ్లాలి. పన్ను ఎక్కువైందని చెబితే విచారించే బోర్డు వినదు, దాని చేతిలో ఉన్నది విలువ ఒక్కటే.

చాలా నల్లజాతి కుటుంబాల్లో ఇల్లు ఇంకా పోయిన తాత పేరు మీదే ఉంటుంది. పత్రం మా పేరున లేదుగా అని హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతంగా ఉంటున్న ఇంటికి ఆస్తి పన్నులో ఇచ్చే రాయితీ) అడగకుండా ఊరుకుంటారు. 2019లో టెక్సాస్ చట్టం మారాక వారసులు కోర్టుకు వెళ్లకుండానే అడగొచ్చు: యాజమాన్య వాటా అఫిడవిట్, తాత మరణ ధ్రువపత్రం, ఆ చిరునామాకు వచ్చిన కరెంటు బిల్లో నీళ్ల బిల్లో. మినహాయింపు వచ్చిందంటే విలువ ఏడాదికి 10 శాతం మించి పెరగకుండా పట్టే నియమం కూడా ఆ ఇంటికి వర్తిస్తుంది.